విశ్వవిద్యాలయ అంతర్గత గ్రాంటుకు ప్రతిపాదన: ఉత్తరాంధ్ర మానవీయ శాస్త్రాల అధ్యాపకుల కోసం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తెలుగు, చరిత్ర, సంగీతం, భాషాశాస్త్రం, ఆంగ్ల సాహిత్యం బోధించే అధ్యాపకులకు పరిశోధన అంశాల కొదవ లేదు. కొదవంతా ఆ అంశాన్ని ఒక ఏడాదిలో, లక్షో రెండు లక్షలో ఖర్చుతో ముగిసే పనిగా కాగితం మీద పెట్టడంలోనే ఉంది. విశ్వవిద్యాలయాలు తమ సొంత నిధుల నుంచి అధ్యాపకులకు ఇచ్చే చిన్న గ్రాంటు, అంటే వాడుకలో సీడ్ మనీ అని పిలిచేది, సైన్సు విభాగాలకే ఎక్కువగా వెళ్తుందన్న ఫిర్యాదు తరచుగా వినిపిస్తుంది. ఆ ఫిర్యాదులో కొంత నిజం ఉండవచ్చు. అయితే మన వైపు నుంచి వెళ్లే దరఖాస్తుల్లో చాలా వాటికి మొదలు కనిపిస్తుంది గాని చివర కనిపించదన్నది కూడా అంతే నిజం.

ఈ గ్రాంటు ఇవ్వడం విశ్వవిద్యాలయానికీ అవసరమే. ఉన్నత విద్యా సంస్థల నాణ్యతను మదింపు చేసే జాతీయ సంస్థ న్యాక్ విశ్వవిద్యాలయాల విషయంలో చూసే అంశాల్లో, అధ్యాపకుల పరిశోధనకు సంస్థ ఏటా ఎంత సీడ్ మనీ ఇచ్చిందన్నది ఒకటి. కాబట్టి దరఖాస్తు చేసే అధ్యాపకుడు దయాభిక్ష అడుగుతున్నట్టు రాయనక్కరలేదు. సంస్థ తాను చూపించుకోదగిన పనిని తన చేతికి అందిస్తున్నట్టు రాయాలి. ప్రకటన వచ్చాక ముందుగా చూడవలసింది అర్హత. కొన్ని చోట్ల విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని రెగ్యులర్ అధ్యాపకులకే అవకాశం ఉంటుంది; అనుబంధ కళాశాలల వారికి, కాంట్రాక్టు అధ్యాపకులకు, అతిథి అధ్యాపకులకు ప్రధాన పరిశోధకులుగా అవకాశం లేకపోయినా సహ పరిశోధకులుగా చేరే వీలు ఉండవచ్చు. ఇది ప్రకటనలో స్పష్టంగా లేకపోతే పరిశోధన విభాగాన్ని రాతపూర్వకంగా అడిగి, ఆ జవాబును దాచుకోవడం మంచిది.

కమిటీలో కూర్చునేది ఎవరు

ప్రతిపాదనను చదివే కమిటీలో మన శాస్త్రం తెలిసినవారు ఒకరు ఉంటే అదృష్టమే. మిగిలినవారు రసాయన శాస్త్రం, వాణిజ్యం, కంప్యూటర్ విభాగాల ఆచార్యులు కావచ్చు. వారి పక్కన ఫైనాన్స్ ఆఫీసరు ఉంటారు. వారు మన అంశం పట్ల చిన్నచూపుతో ఉంటారని ముందే అనుకోవడం పొరపాటు. నిజానికి వారిలో చాలామంది సొంత ఊరు ఈ చుట్టుపక్కలదే. జముకుల కథను చిన్నప్పుడు విన్నవారే అయి ఉంటారు. వారికి అర్థం కానిది అంశం కాదు, మనం ఆ అంశంతో ఏం చేయబోతున్నామన్నది. సైన్సు ప్రతిపాదనలో ఫలానా నమూనాలు సేకరిస్తాం, ఫలానా పరీక్ష చేస్తాం, ఫలానా ఫలితం పట్టికలో చూపిస్తాం అని ఉంటుంది. మన ప్రతిపాదనలో సమగ్ర అధ్యయనం, లోతైన విశ్లేషణ, బహుముఖ పరిశీలన అన్న మాటలు ఉంటాయి. ఆ మాటలు చదివిన వ్యక్తికి సోమవారం ఉదయం ఈ అధ్యాపకుడు ఏ ఊరు వెళ్లి ఎవరితో మాట్లాడతాడో తెలియదు.

అందువల్ల మొదటి పేజీ ఇతర శాస్త్రాల వారి కోసం రాసినట్టు ఉండాలి. జముకుల కథ మీద ప్రతిపాదన అయితే, జముకును చంకలో ఇరికించుకొని తంతిని మీటుతూ ఒకరు, కథ నడిపే ప్రధాన కథకుడు ఒకరు, వంత పాడేవారు ఒకరు ఉండే గాన కథా రూపమిదని రెండు వాక్యాల్లో చెప్పి, మూడో వాక్యంలోనే ప్రశ్నలోకి వెళ్లిపోవాలి. జానపద కళల ప్రాచీనత మీద పేజీన్నర రాయడం వల్ల ఒరిగేది ఏమీ లేదు. సిద్ధాంత చర్చకు రెండో పేజీలో ఒక పేరా చాలు. మన శాస్త్రం తెలిసిన ఆ ఒక్క సభ్యుడు దాన్ని తప్పకుండా వెతుకుతాడు కనుక ఆ పేరా మాత్రం పట్టుగా ఉండాలి.

అంశం నుంచి పనికి

ఉత్తరాంధ్ర జానపద కళలపై సమగ్ర అధ్యయనం అన్న శీర్షికతో వచ్చిన ప్రతిపాదనను ఏ కమిటీ అయినా పక్కన పెడుతుంది, పెట్టాలి కూడా. అది పది మంది పదేళ్లు చేసినా ముగియని పని. అదే అధ్యాపకుడు ఒక మండలంలో ఇప్పటికీ కథ చెబుతున్న జముకుల బృందాలను ఎంచుకొని, ఒకే ఎల్లమ్మ కథను వేర్వేరు బృందాలు ఎక్కడ పెంచుతున్నాయి, ఎక్కడ తగ్గిస్తున్నాయి, ఏ ఘట్టాలు పూర్తిగా విడిచిపెడుతున్నాయి అన్న ప్రశ్న వేస్తే, దానికి మొదలూ చివరా రెండూ ఏర్పడతాయి. పది రికార్డింగులు, వాటి రాతప్రతులు, ఒక పోలిక పట్టిక, ఒక వ్యాసం. ఏడాది చివర కమిటీ ముందు పెట్టడానికి చేతిలో వస్తువు ఉంటుంది.

ఈ కుదింపు ఏ విభాగంలోనైనా ఒకే విధంగా పని చేస్తుంది. బొబ్బిలి వీణ మీద పని చేయదలచిన సంగీత అధ్యాపకురాలు వీణ చరిత్ర అంతటినీ తలకెత్తుకోనక్కరలేదు. గొల్లపల్లిలో ఒకే పనస దుంగ నుంచి వీణ తయారయ్యే వరుసను, ఒక్కొక్క దశలో వాడే పనిముట్లను, తయారీదారులు వాడే మాటలను ఫొటోలతో సహా నమోదు చేయడం ఒక ఏడాదికి సరిపడే పని. చరిత్ర అధ్యాపకుడు శ్రీముఖలింగం ఆలయ శాసనాలన్నీ అనకుండా, దక్షిణ భారత శాసనాల అయిదో సంపుటంలో అచ్చయిన ముఖలింగం శాసనాల నుంచి దీపాల కోసం ఇచ్చిన దానాలను మాత్రమే తీసుకొని, దాతలు ఎవరు, ఏమిచ్చారు, ఎవరి అజమాయిషీలో పెట్టారు అన్నది పట్టిక చేయవచ్చు. పుస్తకం ముందే అచ్చయి ఉంది కాబట్టి ఈ పనికి పెద్దగా డబ్బు కూడా అక్కరలేదు. కావలసింది రాతిని చూసి అచ్చు పాఠంతో సరిపోల్చడానికి కొన్ని ప్రయాణాలు, మైసూరులోని భారత పురావస్తు సర్వేక్షణ శాసన విభాగానికి ఒక ప్రయాణం.

ముందే జరిగిన పనిని చూసుకోకపోవడం మన ప్రతిపాదనలకు పెద్ద దెబ్బ. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు 1997లో స్థాపించిన తెలుగు కథల గ్రంథాలయం, కథానిలయం ఉంది. దాని సేకరణలో చాలా భాగం వెబ్‌సైటులో అందుబాటులో ఉంది. ఆ సంగతి చూడకుండా పాత కథల డిజిటలీకరణ అని రాస్తే, కమిటీలో ఎవరో ఒకరు ఫోను తీసి చూపించడంతో చర్చ అక్కడే ముగుస్తుంది. అందులో ఏముందో చూసి, ఏ పత్రికల ఏ సంవత్సరాల సంచికలు లేవో గుర్తించి, ఆ లోటును పూరించే పని అని రాస్తే అదే అంశం బలమైన ప్రతిపాదన అవుతుంది. ఇక్కడి గిరిజనుల్లో సవరలు మాట్లాడే సవర భాష మీద పని చేసేవారు గిడుగు రామమూర్తి 1931లో ప్రచురించిన సవర భాషా వ్యాకరణాన్నీ, 1938 నాటి నిఘంటువునూ పేర్కొనడంతో ఆగకుండా, ఇవాళ్టి మాటలో ఆ నిఘంటువులోని ఏ రంగం పదాలు మారాయో, ఉదాహరణకు వ్యవసాయానికి చెందినవో బంధుత్వానికి చెందినవో, పరీక్షిస్తామని చెప్పాలి.

జిల్లాల హద్దుల విషయంలో ఒక జాగ్రత్త. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగాక సీతంపేట, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి, రాజాం విజయనగరం జిల్లాలోకి వెళ్లాయి. పాత పుస్తకం చూసి సీతంపేట ఐటీడీఏను, అంటే సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థను, శ్రీకాకుళం జిల్లాలో చూపిస్తే అనుమతి లేఖ తప్పుడు కార్యాలయానికి వెళ్తుంది. చరిత్ర పరిశోధకులకు ఇది ఇంకా చిక్కు. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి. 1950కి ముందు ఈ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో ఉంది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడక ముందు శ్రీకాకుళం వైపు భాగం మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాకు చెందింది. పంతొమ్మిదో శతాబ్దపు టెక్కలి మీద పని చేసేవారు వెతకవలసిన దస్త్రాలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లోనూ, కొన్ని భువనేశ్వర్‌లోని ఒడిశా ఆర్కైవ్స్‌లోనూ ఉండే అవకాశం ఉంది. ఈ ఒక్క వాక్యం ప్రతిపాదనలో ఉంటే ప్రయాణ ఖర్చు పద్దును ఎవరూ ప్రశ్నించరు.

డబ్బు లెక్క

మానవీయ శాస్త్రాల ప్రతిపాదనల్లో అన్నిటికంటే బలహీనంగా ఉండేది బడ్జెట్ పేజీ. పరికరాలు లేవు కాబట్టి ఏం అడగాలో తెలియక ప్రయాణాలు ఇరవై అయిదు వేలు, పుస్తకాలు ఇరవై అయిదు వేలు, స్టేషనరీ ఇరవై అయిదు వేలు, ఇతరములు ఇరవై అయిదు వేలు అని సమానంగా పంచేస్తారు. ఆ గుండ్రటి అంకెలు చూడగానే ఫైనాన్స్ ఆఫీసరుకు ఈ దరఖాస్తుదారు పని గురించి ఆలోచించలేదని తెలిసిపోతుంది. బడ్జెట్‌లోని ప్రతి పద్దూ పద్ధతిని వివరించిన పేజీలో ఒక వాక్యానికి కట్టుబడి ఉండాలి. ఆ వాక్యం చూపించలేని పద్దును తీసేయాలి. పద్దు లేని వాక్యం ఉంటే ఆ పని ఎవరి డబ్బుతో జరుగుతుందో ఆలోచించాలి.

పైన చెప్పిన జముకుల కథ ఉదాహరణనే తీసుకొని లెక్క వేసి చూద్దాం. గ్రాంటు పరిమితి లక్ష రూపాయలు అనుకుందాం. ధరలు ఊరిని బట్టి, సంవత్సరాన్ని బట్టి మారుతాయి, కాబట్టి ఇక్కడి అంకెలు లెక్క వేసే తీరు కోసం మాత్రమే. రికార్డింగు రోజులు పది. ముందుగా వెళ్లి మాట్లాడుకోవడానికి, తర్వాత రాతప్రతిని కథకులకు చదివి వినిపించి సవరించుకోవడానికి మరో ఎనిమిది ప్రయాణాలు. పద్దెనిమిది ప్రయాణాలకు ఒక్కొక్కటికి 1,200 చొప్పున 21,600. ముగ్గురు కళాకారుల బృందానికి ఒక్కో రికార్డింగుకు 3,000 చొప్పున పదింటికి 30,000. ఒక్కో కథ సుమారు రెండు గంటలు అనుకుంటే ఇరవై గంటల రికార్డింగు. దాన్ని అక్షరబద్ధం చేయడానికి గంటకు 900 చొప్పున 18,000. రికార్డర్ 14,000. రెండు హార్డ్ డిస్కులు 9,000. కళాకారులకు ఇచ్చే ప్రతులకు, చివరి నివేదిక అచ్చుకు 5,400. మొత్తం 98,000. ఈ పట్టికలో ఏ అంకెను వేలు పెట్టి చూపినా అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడానికి ఒక్క వాక్యం చాలు.

ఇందులో మూడు పద్దుల గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి. మొదటిది కళాకారుల పారితోషికం. దీన్ని చాలామంది అసలు రాయరు, లేదా ఇతరములలో కలిపేస్తారు. ఆ రోజు కూలి మానుకొని వచ్చి, రెండు గంటలు గొంతెత్తి పాడిన మనిషికి శాలువా కప్పి పంపించడం పరిశోధన పద్ధతిగా చలామణీ కావడం నాకు ఎప్పుడూ సమంజసంగా అనిపించలేదు. పద్దుగా రాసి, రేటు చూపించి, ఎందుకు ఇస్తున్నామో చెప్పాలి. గౌరవ పారితోషికానికి విశ్వవిద్యాలయ నిబంధనల్లో పరిమితి ఉంటే దాన్ని ముందే కనుక్కోవాలి. ఆహ్వానిత ఉపన్యాసకులకు ఇచ్చే రేటునే కళాకారులకూ వర్తింపజేయమని అడగడంలో తప్పేమీ లేదు.

రెండోది అక్షరబద్ధం చేయించే ఖర్చు. శ్రీకాకుళం మాండలికంలో, అదీ పాట, వచనం, మధ్యలో జముకు మోత కలిసి సాగే గంట రికార్డింగును రాసి పెట్టడానికి చెయ్యి తిరిగిన వ్యక్తికి కూడా అయిదారు గంటలకు తక్కువ పట్టదు. తమ పరిశోధక విద్యార్థులు చేసి పెడతారులే అనుకొని ఈ పద్దు వదిలేసే అధ్యాపకులు ఉన్నారు. అది విద్యార్థి శ్రమను ఉచితంగా వాడుకోవడమే గాక, నెలల తరబడి పని ఆగిపోవడానికి కారణం కూడా అవుతుంది. ఆ మాట తెలిసిన ఊరి చదువుకున్న యువకులకు గంటల లెక్కన చెల్లించి రాయిస్తే పాఠమూ బాగా వస్తుంది, డబ్బూ ఆ ఊళ్లోనే ఉంటుంది.

మూడోది నిల్వ. ధ్వనిని 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల వేవ్ ఫైలుగా రెండు ఛానెళ్లలో రికార్డు చేస్తే గంటకు సుమారు ఒక జీబీ అవుతుంది. ఇరవై గంటలకు ఇరవై జీబీ. ఇది పెద్ద మొత్తం కాదు, కాబట్టి ఫోనులో ఎంపీ3గా రికార్డు చేసి స్థలం మిగుల్చుకోవలసిన అవసరం లేదు. వీడియో కూడా తీస్తే మాత్రం లెక్క చాలా పెరుగుతుంది. రెండు డిస్కులు ఎందుకని కమిటీ అడిగితే, ఒకటి విభాగంలో, ఒకటి గ్రంథాలయంలో ఉంచుతామని, గ్రాంటు ముగిశాక అసలు ఫైళ్లు ఎవరి ఆధీనంలో ఉంటాయో కూడా ప్రతిపాదనలోనే ఉందని చూపించాలి. అధ్యాపకుడు రిటైరైన తర్వాత రికార్డింగులు బీరువాలోనే పాడైపోయిన సందర్భాలు ప్రతి విశ్వవిద్యాలయంలోనూ పెద్దవారికి గుర్తుంటాయి.

ల్యాప్‌టాప్, కెమెరా, ప్రింటరు అడగడం సాధ్యమైనంత వరకు మానుకోవాలి. అవి విభాగంలో ఇప్పటికే ఉన్నాయా అన్నదే కమిటీ మొదటి ప్రశ్న, ఉంటే ఎందుకన్నది రెండోది. అంతర్జాతీయ సదస్సుకు ప్రయాణం కూడా ఈ చిన్న గ్రాంటులో ఇమడదు.

అనుమతులు, సమ్మతి

ముఖలింగం, శాలిహుండం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలు. అక్కడ ట్రైపాడ్, లైట్లు పెట్టి ఫొటోలు తీయాలన్నా, శాసనాల నుంచి అచ్చు తీయాలన్నా శాఖ అనుమతి ఉండాలి. మామూలు సందర్శకుడిగా చేతి కెమెరాతో తీసేది వేరు. శ్రీకూర్మం, అరసవల్లి వంటి దేవాదాయ శాఖ ఆలయాల్లో కార్యనిర్వహణాధికారికి లేఖ రాసి, అర్చకులతో కూడా మాట్లాడుకోవాలి. కాగితం ఉన్నా పూజా వేళల్లో స్తంభాల మధ్య పని చేయడం కుదరదు, కాబట్టి ఏ వేళల్లో పని చేస్తామో లేఖలోనే రాస్తే ఒప్పుకోవడం తేలిక. గిరిజన గ్రామాల్లో పని చేసేవారు ఐటీడీఏకు తెలియజేయడంతో పాటు గ్రామ పెద్దలతో ముందుగా కూర్చోవాలి. ఇళ్లలోని తాళపత్రాలు, చేతిరాత పుస్తకాలు స్కాన్ చేసేవారు వాటిని ఇల్లు దాటించకుండా అక్కడే స్కాన్ చేసి తిరిగి ఇచ్చేస్తామని రాయడం అన్ని విధాలా క్షేమం. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతులు కూడా పురావస్తువుల కిందికి వస్తాయని గుర్తుంచుకోవాలి.

అచ్చయిన రచనల విషయంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత మరణించిన సంవత్సరం ముగిశాక 60 ఏళ్ల వరకు హక్కులు కొనసాగుతాయి. 1915లో మరణించిన గురజాడ రచనలకు ఆ ఇబ్బంది లేదు. 1994లో మరణించిన చాగంటి సోమయాజులు కథలను స్కాన్ చేసి అందరికీ అందుబాటులో పెట్టాలంటే హక్కుదారుల అనుమతి తప్పదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, డిజిటలీకరణ ప్రతిపాదనల్లో సగం ఇక్కడే జారిపోతాయి.

కళాకారుల సమ్మతి పత్రం తెలుగులో, పెద్ద అక్షరాలతో, ఒక్క పేజీకి మించకుండా ఉండాలి. చదవలేని వారికి చదివి వినిపించి, వారు ఒప్పుకుంటున్నట్టు చెప్పిన మాటను రికార్డింగు ప్రారంభంలోనే నమోదు చేయవచ్చు. రికార్డింగును ఎక్కడ ఉంచుతారు, ఇంటర్నెట్‌లో పెడతారా, ఎవరైనా డబ్బు సంపాదించడానికి వాడుకుంటే ఏమిటి, వద్దనుకుంటే వెనక్కు తీసుకోవచ్చా అన్న నాలుగు ప్రశ్నలకు అందులో జవాబుండాలి. కథలో కొన్ని ఘట్టాలు అమ్మవారి కొలువులోనే పాడాలి, మామూలుగా పాడకూడదని కథకుడు అంటే ఆ మాటకు కట్టుబడాలి. అలాంటి నియమం ఉందన్నదే పరిశోధనకు మంచి సమాచారం.

కాలపట్టిక

పన్నెండు నెలల గ్రాంటు అని కాగితం మీద ఉన్నా, చేతిలో ఉండేది అంతకంటే తక్కువ. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. వేసవిలో ప్రకటన వచ్చి, వానాకాలంలో ప్రజంటేషన్ జరిగి, మంజూరు ప్రొసీడింగ్స్ చేతికందే సరికి దసరా రావచ్చు. ఆ లెక్కన అసలు ఖర్చు పెట్టగలిగేది అయిదారు నెలలు. మొదటి త్రైమాసికం గ్రంథ పరిశీలన, రెండో త్రైమాసికం క్షేత్ర పర్యటన అన్న అచ్చు పట్టికను పక్కన పెట్టి, ఈ ప్రాంతపు కాలాన్ని బట్టి పట్టిక వేసుకోవాలి.

అక్టోబరు, నవంబరు నెలలు మనకు తుఫాన్ల కాలం. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరు రెండో వారంలోనే వచ్చాయి. తీర మండలాల్లో ఆ నెలల్లో క్షేత్ర పని పెట్టుకుంటే ప్రత్యామ్నాయ తేదీలు రాసి ఉండాలి. నవంబరు చివరి నుంచి డిసెంబరు వరకు వరి కోతలు, నూర్పులు. పగలంతా పొలంలో ఉన్న మనిషిని రాత్రి కూర్చోబెట్టి కథ చెప్పమనడం న్యాయం కాదు, చెప్పినా అది అలసిన గొంతే అవుతుంది. సంక్రాంతి దాటాక పరిస్థితి మారుతుంది. వలస వెళ్లినవారు పండక్కి ఊళ్లోకి వస్తారు కాబట్టి బృందాలు పూర్తిగా దొరికేది అప్పుడే. వెంటనే పట్టుకోకపోతే మళ్లీ పనుల మీద వెళ్లిపోతారు. ఆ తర్వాత గ్రామదేవతల సంబరాలు మొదలవుతాయి. జాతరలో జరిగే అసలు ప్రదర్శనను చూడాలనుకునేవారికి అదే అదను, అయితే అప్పటికి ఆర్థిక సంవత్సరం ముగింపు దగ్గర పడుతుంది. విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవం మీద పని చేసేవారి సమస్య వేరు: అది దసరా తర్వాతి మంగళవారం ఏడాదికి ఒక్కసారే జరుగుతుంది. మంజూరు అప్పటికి రాకపోతే ఆ ఏడాది పోయినట్టే. కాబట్టి ఉత్సవం మీద ఆధారపడిన ప్రతిపాదనలో మొదటి దశను ఉత్సవం లేకుండానే సాగే పనిగా, అంటే పాత ఫొటోల సేకరణగానో, సిరిమానుకు చెట్టు ఎంపికలో పాల్గొనేవారితో సంభాషణగానో రూపొందించుకోవాలి.

ప్రతి దశ చివర ఒక వస్తువు ఉండాలి. మొదటి దశ చివరికి బృందాల జాబితా, రెండో దశకు అయిదు రికార్డింగులు, మూడో దశకు పది రాతప్రతులు అని ఉంటే మధ్యంతర సమీక్షలో చూపడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఒక వ్యాసం ప్రచురిస్తామని హామీ ఇచ్చేటప్పుడు ప్రచురితం అనకుండా పత్రికకు సమర్పించడం అని రాసుకోవడం తెలివైన పని. పత్రికల ఆలస్యానికి మనం జవాబుదారీ కాలేం. రచన, గానం, నాటకం వంటి సృజనాత్మక పని చేసే అధ్యాపకులు ప్రదర్శనతో పాటు, ఆ ప్రదర్శన ఎలా తయారైందో నమోదు చేసే పదిహేను ఇరవై పేజీల పత్రాన్ని కూడా ఫలితంగా చూపితే పరిశోధన కిందికి వస్తుందా రాదా అన్న చర్చ ముందే ముగుస్తుంది.

మంజూరైన తర్వాత

ప్రొసీడింగ్స్ చేతికి రాగానే అందులోని షరతులను బడ్జెట్‌తో పక్కపక్కన పెట్టి చదవాలి. అడిగిన మొత్తంలో కోత పెట్టి మంజూరు చేయడం మామూలే. అలాంటప్పుడు పాత హామీలన్నీ నెత్తిన పెట్టుకొని మొదలు పెట్టకుండా, తగ్గిన మొత్తానికి తగ్గ పనిని వారంలోపు రాసి ఇచ్చి ఆమోదం తీసుకోవాలి. ఒక పద్దు నుంచి మరో పద్దుకు డబ్బు మార్చుకోవాలంటే ఖర్చు పెట్టక ముందే అనుమతి కావాలి. రికార్డర్ వంటివి కొనేటప్పుడు కొటేషన్లు ఎన్ని కావాలి, కేంద్ర నిధుల సంస్థ అయితే ప్రభుత్వ కొనుగోళ్ల వెబ్‌సైటు అయిన జెమ్ పోర్టల్ ద్వారానే కొనాలా అన్నది కొనుగోలు విభాగాన్ని అడిగి తెలుసుకోవాలి. కొన్నది విభాగం స్టాకు రిజిస్టరులో ఎక్కించి, ఆ పేజీ సంఖ్యను బిల్లు మీద రాయించుకోవాలి.

కళాకారుల చెల్లింపుల దగ్గర చిక్కు ఎక్కువ. ఊళ్లో అందరూ పిలిచే పేరు ఒకటి, బ్యాంకు పుస్తకంలో పేరు మరొకటి, ఆధార్‌లో ఇంటిపేరు ఇంకో విధంగా ఉంటుంది. రసీదులో బ్యాంకు పేరు రాసి, పక్కనే వాడుక పేరు కూడా రాయించుకుంటే ఆడిట్‌లోనూ, రేపు రికార్డింగు వివరాల్లోనూ ఇబ్బంది ఉండదు. బృందం మొత్తానికి ఒకరి ఖాతాలో వేస్తే మిగిలిన ఇద్దరికీ అందిందో లేదో మనకు తెలియదు. విడివిడిగా చెల్లించడమే మంచిది. నగదు ఇవ్వక తప్పనప్పుడు, అయిదు వేలు దాటిన రసీదు మీద రూపాయి రెవిన్యూ స్టాంపు అతికించి దాని మీదుగా సంతకం లేదా వేలిముద్ర తీసుకోవాలి. స్టాంపులు అన్ని చోట్లా దొరకవు కాబట్టి ఒక షీటు సంచిలోనే ఉంచుకోవాలి. ప్రయాణానికి టికెట్లు, ఆటోకు అయితే తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎందుకు అన్నది రాసిన వోచరు. ఇవన్నీ ఆ రాత్రే ఒక కవరులో పెట్టి పైన తేదీ వేయడం అలవాటు చేసుకుంటే మార్చి నెల ప్రశాంతంగా గడుస్తుంది.

చివరి నివేదికతో పాటు వినియోగ ధ్రువపత్రం, అంటే యూసీ ఇవ్వాలి. నివేదికలో ప్రతిపాదనలోని ప్రతి హామీకి ఎదురుగా ఏం జరిగిందో రాయాలి. జరగనిదానికి కారణం కూడా రాయాలి. ఆ నివేదికనే తర్వాతి మెట్టుకు పెట్టుబడిగా వాడుకోవచ్చు. సామాజిక శాస్త్రాలకు 1969లో ఏర్పడిన పరిశోధన మండలి ఐసీఎస్ఎస్ఆర్, చరిత్రకు 1972లో ఏర్పడిన పరిశోధన మండలి ఐసీహెచ్ఆర్ ఇచ్చే ప్రాజెక్టులు, కళల పరిశోధనకు బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ ఇచ్చే గ్రాంట్లు ఈ స్థాయి కంటే పెద్దవి. అక్కడి నిర్ణేతలు మన పేరు ఎరగరు, కాబట్టి పది రికార్డింగులు, రాతప్రతులు, మూసేసిన లెక్క ఉన్న దరఖాస్తుకు విలువ పెరుగుతుంది. పెద్ద దరఖాస్తులో అంతర్గత గ్రాంటు మంజూరు సంఖ్య, తేదీ, యూసీ సమర్పించిన తేదీ మూడూ రాయాలి. మిగిలిన డబ్బు ఎంత తక్కువైనా మార్చి 31 లోపు విశ్వవిద్యాలయ ఖాతాకు తిరిగి జమ చేసి, ఆ చలానా నకలును నివేదికకు జతపరిచి, మరో నకలు తమ దగ్గర ఉంచుకోవాలి.